గోదావరి డెల్టా ఐసు ఫ్యాక్టరీలు: పాత యంత్రాల్లో ముందు మార్చాల్సింది ఏది?

రావులపాలెం అనగానే అరటి మార్కెట్టే గుర్తొస్తుంది. గౌతమి మీది వంతెన దాటి ఊళ్లోకి దిగితే గెలలు, లారీలు, కూలీల కేకలు. అయితే ఈ కూడలి మీదుగా అరటితో పాటు రాత్రీ పగలూ తిరిగే సరుకు ఇంకొకటి ఉంది. అది ఐసు. అమలాపురం, అల్లవరం, ఉప్పలగుప్తం వైపు ఏ చెరువులోనైనా పట్టుబడి ఉందంటే వలకంటే ముందు ఐసు చేరాలి. గట్టు మీదికి వచ్చిన రొయ్య వెంటనే ఐసు నీళ్లలో పడకపోతే తల నల్లబడుతుంది. తల నల్లబడితే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎంత బాగున్నా ధర తెగుతుంది. బెంగాల్, అస్సాం వెళ్లే చేపల లారీల సంగతీ అంతే. పెట్టెలో చేప ఎంత ముఖ్యమో, దాని కిందా పైనా పోసిన ఐసు పొడీ అంతే ముఖ్యం.

ఇంత వ్యాపారాన్ని మోస్తున్న ఐసు ఫ్యాక్టరీల్లో రెండు తరాల నాటి యంత్రాలతో నడుస్తున్నవి తక్కువేమీ కాదు. వాటిని బాగుచేయాలని అందరూ అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలన్న దగ్గరే మాటలు కలవడం లేదు. కంప్రెషర్ అమ్మేవారు కంప్రెషర్ మార్చమంటారు, సోలార్ వాళ్లు ప్యానెళ్లు పెట్టమంటారు, పర్యావరణం గురించి మాట్లాడేవారు గ్యాసే మార్చమంటారు. యజమాని కరెంటు బిల్లు చూసుకుంటాడు. రాత్రి షిఫ్టులో యంత్రం పక్కన నిలబడే ఆపరేటర్ని అడిగేవారే తక్కువ. నా మట్టుకు నాకు ఈ లెక్క ఆ ఆపరేటర్ దగ్గర మొదలవ్వాలి.

ముందు ఫ్యాక్టరీ లోపల జరిగేది చూద్దాం. నేలలోకి దించి కట్టిన పెద్ద తొట్టె, దాని నిండా ఉప్పునీళ్లు. సాదా ఉప్పుతోనో కాల్షియం క్లోరైడ్‌తోనో కలిపిన ఆ నీటిని అక్కడ బ్రైన్ అంటారు. తొట్టె పక్కనో అడుగునో ఇనుప కాయిళ్లు, వాటిలో మరిగే అమ్మోనియా. అమ్మోనియా మామూలు గాలి ఒత్తిడి దగ్గర మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. కాయిళ్లలో ఒత్తిడి కొంచెం పెంచి మైనస్ 15 దగ్గర మరిగిస్తే బ్రైన్ మైనస్ 8, మైనస్ 10 డిగ్రీలకు దిగుతుంది, ఉప్పు ఉంది కాబట్టి గడ్డకట్టదు. అందులో మంచినీళ్లు నింపిన రేకు క్యాన్లు వరసలుగా మునిగి ఉంటాయి. పైన చెక్క మూతలు. ఒక వరస గడ్డకట్టాక హాయిస్టుతో లేపి, మామూలు నీళ్ల తొట్టెలో ఒక్క ముంచు ముంచి, వంచితే దిమ్మలు జారి నేల మీదికి వస్తాయి. దిమ్మ మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. అందుకే పట్టుబడులు ముమ్మరంగా ఉన్నప్పుడు ఎంత తొందరపెట్టినా దిమ్మ దాని టైముకే వస్తుంది. తొందరపడి బ్రైన్‌ను ఇంకా చల్లబరచబోతే బిల్లు పెరుగుతుంది, దిమ్మ పగుళ్లిస్తుంది.

సరిగ్గా ఇదే ఏర్పాటు ప్రపంచంలో వేలాది స్కేటింగ్ రింకుల కింద ఉంది. అక్కడ చల్లని బ్రైన్ క్యాన్ల చుట్టూ కాకుండా నేల కింద గొట్టాల్లో తిరుగుతుంది, అంతే తేడా. 1876లో లండన్‌లోని చెల్సీలో జాన్ గామ్జీ యంత్రంతో గడ్డకట్టించిన మొదటి రింకు తెరిచాడు. అదే దశకంలో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమ్మోనియా కంప్రెషర్లను తీర్చిదిద్దాడు. అంతకు ముందు, 1833 నుంచి బోస్టన్ చెరువుల ఐసు ఓడల్లో కలకత్తాకూ, ఆ తర్వాత మద్రాసు ఐస్ హౌస్‌కూ వచ్చేది. ఆ వ్యాపారాన్ని మూయించింది మన దగ్గరే పుట్టుకొచ్చిన ఇలాంటి ఐసు ఫ్యాక్టరీలు. మన తెలుగు నేల మీద రింకులు లేవనే చెప్పాలి. హైదరాబాద్‌లో 2004లో తెరిచిన స్నో వరల్డ్ లాంటి వినోదశాలలే దానికి దగ్గరి చుట్టాలు. అయినా పాత రింకుల మరమ్మతుల గురించి బయట దేశాల్లో జరిగిన చర్చ మనకు పనికొస్తుంది. చిన్న ఊరు, తక్కువ డబ్బు, పాత అమ్మోనియా ప్లాంటు, చుట్టూ ఇళ్లు: ఈ నాలుగూ అక్కడా ఉన్నాయి.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని ఫెర్నీ అనే చిన్న పట్టణంలో 2017 అక్టోబర్ 17న పురపాలక రింకులో అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. ఇద్దరు పట్టణ ఉద్యోగులు, ఒకరు మరమ్మతుకు వచ్చిన నిపుణుడు. బ్రైన్‌ను చల్లబరిచే, సుమారు ముప్పై ఏళ్ల నాటి చిల్లర్‌లో ఒక ట్యూబుకు చిల్లు పడి అమ్మోనియా బ్రైన్‌లోకి దిగింది. మరుసటి ఏడాది వచ్చిన దర్యాప్తు నివేదిక చదివితే గుండె బరువెక్కేది ఆ చిల్లు గురించి కాదు. లీకు ఉందని ముందే తెలిసింది. చిల్లర్ మార్చాలన్న ప్రతిపాదన అంతకు ముందు కొన్నేళ్ల నుంచీ ఉంది, వాయిదా పడుతూ వచ్చింది. తెలిసీ యంత్రాన్ని మళ్లీ నడిపారు. ఎక్కడైనా పాత ప్లాంటు ప్రాణం తీసేది వయసుతో కాదు, తెలిసిన లీకును ఈ సీజన్ గడవనిద్దాం అనుకోవడంతో.

మన దగ్గరా హెచ్చరికలు లేకపోలేదు. 2020 జూన్ 27న నంద్యాలలో ఒక ఆగ్రో పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 20న చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర పాల ఫ్యాక్టరీలో లీకై పదిమందికి పైగా మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. డెల్టాలో గ్యాసు అంటే భయం ముదిరింది మాత్రం 2017 మార్చి 30 నుంచి. ఆ రోజు మొగల్తూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు. అది వ్యర్థజలాల తొట్టెలో జరిగిన ప్రమాదం, శీతల యంత్రాలకు సంబంధించింది కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడితే ఏ తప్పుకూ సరైన మందు దొరకదు.

ఇక గ్యాసు మార్చాలా వద్దా అన్న ప్రశ్న. నా అభిప్రాయం స్పష్టం: దిమ్మల ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియానే ఉంచాలి. ఓజోన్ పొరకు దానితో హాని లేదు, భూతాపం పెంచే గుణమూ లేదు. కిలో అమ్మోనియా మరిగేటప్పుడు పీల్చే వేడి ఆర్-22 అనే ఫ్రియాన్ గ్యాసుతో పోలిస్తే ఐదారు రెట్లు. ధర తక్కువ, మనవాళ్లకు అలవాటైన గ్యాసు. అన్నిటికంటే ముఖ్యం, అది తన లీకును తానే చెబుతుంది. గాలిలో ఐదు పీపీఎం ఉన్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది. ప్రాణానికి ముప్పుగా లెక్కించే మోతాదు 300 పీపీఎం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆపరేటర్‌కు దొరికే సమయం. గంధకం కడ్డీ వెలిగించి జాయింట్ల వెంట తిప్పితే లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. ఎక్కువ ఖర్చు లేని ఈ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. 2010లో క్యూబెక్‌లోని సెయింట్ జెదియోన్‌లో పూర్తిగా దానితోనే నడిచే రింకు వచ్చింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్ స్పీడ్ స్కేటింగ్ మైదానమూ దానితోనే గడ్డకట్టింది. విషం తక్కువ, భూతాపం లెక్కలో ఒకటే ఒకటి. కానీ అది 31 డిగ్రీలు దాటితే ద్రవంగా మారనంటుంది, 74 బార్ల పైన ఒత్తిడితో దాన్ని నడపాలి. చలిదేశానికి అది వరం. మే నెల గోదావరి జిల్లాలో మాత్రం అదే పనికి కరెంటు ఎక్కువ తింటుంది, ఆ ఒత్తిడికి తట్టుకునే పైపులు వెల్డింగు చేసేవాళ్లను వెతుక్కోవాలి. పెద్ద ఎగుమతి ప్లాంట్లు ఆలోచించవచ్చు. ఇరవై టన్నుల ఐసు ఫ్యాక్టరీకి ఇప్పట్లో కుదరదు.

అమ్మోనియా ఉంచడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయమని కాదు. దాని పరిమాణం తగ్గించాలి. పాత పద్ధతిలో కాయిళ్ల నిండా, రిసీవర్ నిండా ద్రవమే. కొత్త ప్లేటు చిల్లర్లలో పల్చటి ఉక్కు రేకుల మధ్య కొద్దిపాటి అమ్మోనియాతోనే అదే పని జరుగుతుంది. లీకైనా బయటికి వచ్చేది తక్కువ. పైగా బ్రైన్‌లో మునిగి తుప్పు పట్టే కాయిళ్ల బెడద పోతుంది. ఏటా ఎక్కడో అక్కడ అతుకు వేయాల్సి వస్తున్న కాయిళ్లు ఉన్న ఫ్యాక్టరీ, నా లెక్కలో, కంప్రెషర్ కంటే ముందు వాటి మీద డబ్బు పెట్టాలి. కాయిలులో సన్నని చిల్లు పడితే బయట వాసన రాకముందే అమ్మోనియా బ్రైన్‌లో కలుస్తుంది. వారానికొకసారి బ్రైన్ పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. ఫెర్నీ పాఠం అదే.

ఇప్పుడు కరెంటు. 30 డిగ్రీల నీటిని మైనస్ 8 డిగ్రీల దిమ్మగా మార్చాలంటే టన్నుకు సుమారు 477 మెగాజౌళ్ల వేడి లాగాలి, అంటే 132 యూనిట్లకు సమానం. అమ్మోనియా మైనస్ 15 దగ్గర మరిగి, కండెన్సర్‌లో 40 డిగ్రీల దగ్గర ద్రవమైతే కంప్రెషర్ దాన్ని సుమారు 46 యూనిట్లలో లాగేస్తుంది. అదే యంత్రం, కాయిళ్లలో నూనె పేరుకుని మైనస్ 22కు దిగి, కండెన్సర్ మీద సున్నం పట్టి 45కు ఎక్కితే 60 యూనిట్లు కావాలి. టన్నుకు 14 యూనిట్ల తేడా. రోజుకు 20 టన్నులు తీసే ఫ్యాక్టరీకి 280 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకున్నా రోజుకు దాదాపు 2,000 రూపాయలు. కొత్త యంత్రం ఏదీ కొనకుండానే పోతున్న డబ్బిది, శుభ్రత లేక పోతున్నది.

ఆ శుభ్రత ఎక్కడెక్కడో చెప్పాలి. అమ్మోనియాలో కంప్రెషర్ నూనె కరగదు. నూనె బరువు ఎక్కువ కాబట్టి కాయిళ్ల అడుగున చేరి వేడిని అడ్డుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. ఇక్కడే ప్రమాదాలూ ఎక్కువ. ఆపరేటర్ వాల్వు తెరిచి నూనె కారుతుంటే పక్కకు వెళ్లడం, చివర్లో నూనె అయిపోయి ద్రవ అమ్మోనియా చిమ్మడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. చెయ్యి తీయగానే దానంతటదే మూసుకునే స్ప్రింగు వాల్వు ఒకటి ఆ పైపుకు బిగిస్తే చాలు. మొత్తం ఆధునికీకరణలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది ఇంకొకటి లేదని నా నమ్మకం. అలాగే వ్యవస్థలోకి చేరిన గాలి కండెన్సర్‌లో ఇరుక్కుని ఒత్తిడి పెంచుతుంది. దాన్ని బయటికి పంపే పర్జర్ ఉండాలి. బోరునీళ్లలో ఉప్పూ సున్నమూ ఎక్కువగా ఉన్న తీరప్రాంతంలో కండెన్సర్ గొట్టాల మీద పొర కట్టడం మామూలే. పైపుల వరసల మీద నీళ్లు జారవిడిచే పాత కండెన్సర్ బదులు ఫ్యానుతో నడిచే ఎవాపరేటివ్ కండెన్సర్ పెడితే నీళ్లూ తగ్గుతాయి, డిగ్రీలూ తగ్గుతాయి. కండెన్సర్‌లో తగ్గించిన ఒక్కో డిగ్రీకి కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాయలసీమలో వచ్చినంత లాభం ఇక్కడ ఆశించకూడదు. అమ్మేవాళ్లు చూపించే లెక్క ఏ ఊరి వాతావరణానికి కట్టిందో అడిగి తీరాలి.

బ్రైన్‌ను కలియబెట్టే ఎజిటేటర్‌కు వేగం తగ్గించే డ్రైవ్ పెడితే, వేగం 20 శాతం తగ్గినప్పుడు కరెంటు సగానికి వస్తుంది. దిమ్మలు దాదాపు గట్టిపడ్డాక పూర్తి వేగం అక్కర్లేదు. కుళ్లిన చెక్క మూతలు, తడిసిన పాత థర్మోకోల్ మార్చడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఐసు ఫ్యాక్టరీకి ఇంకో సౌలభ్యం ఉంది. తొట్టెడు చల్లని బ్రైన్ అంటే నిల్వ ఉన్న చలి. ఎండ ఉన్నప్పుడు యంత్రాన్ని గట్టిగా నడిపి, సాయంత్రం గిరాకీ వేళ కాసేపు ఆపినా దిమ్మ పాడవదు. వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు పగటి సౌర వేళల్లో చౌకగా, గిరాకీ వేళల్లో ప్రియంగా ఉండే టారిఫ్ తేవాలని కేంద్రం 2023లో నిబంధన చేసింది. అది పూర్తిగా అమలైన చోట ఐసు ఫ్యాక్టరీ కంటే సులువుగా దాన్ని వాడుకోగల పరిశ్రమ మన డెల్టాలో నాకు కనిపించదు.

రావులపాలెం అసలు సరుకైన అరటి దగ్గర చిక్కు ఇంకో రకం. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాడకాన్ని ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది. పొగ గదుల స్థానంలో వస్తున్న రైపెనింగ్ ఛాంబర్లకు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం, బాగా తేమ, గాలి మార్పిడి కావాలి. అరటి 13 డిగ్రీల కిందికి పోతే తొక్క నల్లబారుతుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువ చల్లబరచడమే తప్పు. ఇలాంటి చిన్న గదుల యూనిట్లలో ఆర్-22 లేదా ఆర్-404ఎ ఉంటుంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆర్-22 వర్గం వాడకం 2025 నాటికి 67.5 శాతం తగ్గాలి, 2030కి పాత యంత్రాల సర్వీసుకు కావాల్సిన కొద్దిపాటి తప్ప మిగతాది ఆగాలి. గ్యాసు ధర ఇక పెరిగేదే. ఆర్-22 యూనిట్ బదులు ఆర్-404ఎ యూనిట్ కొంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే: దాని భూతాప గుణం కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 3,900 రెట్లు, ఆర్-22కు రెండింతలు. 2021లో మన దేశం ఆమోదించిన కిగాలీ సవరణ ప్రకారం 2032 నుంచి దానికీ కోత మొదలవుతుంది. నాలుగైదు ఛాంబర్లు ఒకే చోట ఉన్నవారు విడివిడి యూనిట్ల బదులు ఒక చిల్లర్ పెట్టి, చల్లని గ్లైకాల్ నీటిని గదుల్లో తిప్పుకోవడం మంచిది. గ్యాసు అంతా బయట ఒక్క యంత్రంలోనే ఉంటుంది. గదిలో లీకయ్యేది ఏదైనా ఉంటే అది నీళ్లే.

చట్టం విషయంలో ఒక ఖాళీ ఉంది. ప్రమాదకర రసాయనాలపై 1989 నిబంధనల్లో అమ్మోనియాకు పెట్టిన హద్దు పదుల టన్నుల్లో ఉంది. ఐసు ఫ్యాక్టరీలో ఉండేది దాంట్లో చిన్న వంతు. కాబట్టి ఎరువుల ఫ్యాక్టరీకి వర్తించే అత్యవసర ప్రణాళిక దీనికి వర్తించదు. కానీ ఎరువుల ఫ్యాక్టరీ చుట్టూ ప్రహరీ, ఖాళీ జాగా ఉంటాయి. మన ఐసు ఫ్యాక్టరీ గోడ అవతలే వంటిల్లు ఉంటుంది. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందిలే అనుకోవడం ప్రమాదం. ద్రవంగా చిమ్మినప్పుడు చల్లని పొగమంచులా నేలకు ఆనుకునే పాకుతుంది. నీళ్లు ఆవిరిని బాగా పీల్చుకుంటాయి, కానీ ద్రవం మడుగు మీద నేరుగా నీళ్లు కొడితే మరింత మరుగుతుంది. ఈ రెండు ముక్కలు ఫ్యాక్టరీ వాళ్లకే కాదు, పక్కింటివాళ్లకూ, ఊరి అగ్నిమాపక కేంద్రానికీ తెలియాలి. యంత్రాల గదిలో డిటెక్టర్, దానితో పాటు తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను, గది బయటనుంచి ఆపే స్విచ్, పైకప్పు దాటి పైకి తీసిన సేఫ్టీ వాల్వు పైపు, చేతికందేలా శ్వాస పరికరం. కంప్రెషర్‌కు పెట్టే ఖర్చులో ఇవి చిన్న భాగం. వీటిని బిల్లులో చివరి వరసలో రాసి, బేరంలో ముందుగా కొట్టేయడం మానాలి.

డబ్బు లేదనడం పూర్తిగా నిజం కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో కొత్త ఐసు ప్లాంటుకే కాదు, పాతదాని ఆధునికీకరణకూ సాయం ఉంది: సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. అరటి ఛాంబర్లకు ఉద్యాన మిషన్ కింద సబ్సిడీ వేరే. 2025లో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ మొదలుపెట్టిన అదీతీ పథకంలో చిన్న పరిశ్రమల అప్పు వడ్డీలో ఐదు శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఎంపిక చేసిన 14 రంగాల్లో మత్స్య పరిశ్రమ ఒకటి. ఇదే సంస్థ పదిహేనేళ్ల కిందట దేశమంతా చిన్న పరిశ్రమల క్లస్టర్లను ఎంచుకుని కరెంటు లెక్కలు తీయించినప్పుడు భీమవరం ఐసు ఫ్యాక్టరీలూ వాటిలో ఉన్నాయి. అంటే మన యంత్రాల మీద ఒక అధ్యయనం ఇప్పటికే ఉంది. అది వచ్చేనాటికి వనామి రొయ్య ఇంకా కొత్త. ఆ తర్వాత రొయ్యల సాగు పెరిగిన తీరు చూస్తే ఆ లెక్కలు మళ్లీ తీయాలి. ఈసారి కోనసీమనూ కలపాలి, తెలుగులో అచ్చువేసి ఫ్యాక్టరీ గోడకు తగిలించేలా ఉండాలి.

పథకాల్లో ఒక లోపం మాత్రం కనిపిస్తుంది. సబ్సిడీ యంత్రానికి వస్తుంది, నిర్వహణకు రాదు. కట్టినది నడవకపోతే ఏమవుతుందో డెహ్రాడూన్ చూపించింది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ కట్టిన ఐసు రింకు ఆ పోటీల తర్వాత పదేళ్లకు పైగా మూతపడి, 2025లోగాని మళ్లీ తెరుచుకోలేదు. శీతల యంత్రానికి పనిలేకుండా ఉండటం కంటే కీడు లేదు. సీళ్లు ఎండిపోతాయి, గొట్టాలను లోపలనుంచి తుప్పు తినేస్తుంది.

మరమ్మతుకు కాలం దొరకదనేవారికి తూర్పు తీరంలో ఒక అవకాశం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవల మీద ఆధారపడ్డ అంతర్వేది, ఓడలరేవు వైపు ఫ్యాక్టరీలకు అది ఖాళీ కాలం. కాయిళ్ల మందం కొలవడం, ఒత్తిడి పరీక్ష, సేఫ్టీ వాల్వుల మార్పిడి అప్పుడే పెట్టుకోవచ్చు. చెరువులనే నమ్ముకున్న ఫ్యాక్టరీలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఫ్యాక్టరీలు వంతులు వేసుకుని, ఒకటి ఆగినప్పుడు మిగతావి దాని ఖాతాదారులకు ఐసు ఇచ్చే ఒప్పందం చేసుకోవాలి. పోటీదారులు ఒప్పుకుంటారా అనకండి. ఒక్క లీకు జరిగితే మూతపడేది ఆ వీధిలోని ఫ్యాక్టరీలన్నీ.

చివరగా ఆపరేటర్. బాయిలరు నడపాలంటే పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. టన్నుల కొద్దీ అమ్మోనియా ఉన్న ప్లాంటును రాత్రంతా ఒంటరిగా చూసుకునే మనిషికి అలాంటి పరీక్ష లేదు. మేస్త్రీ దగ్గర చూసి నేర్చుకున్నదే చదువు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చదివిన కుర్రాళ్లు ఏసీల వైపు పోతున్నారు, అక్కడ జీతం ఎక్కువ, వాసన లేదు. ఫ్యాక్టరీల శాఖ, ఐటీఐలు, ఐసు ఫ్యాక్టరీ యజమానుల సంఘాలు కలిసి, నూనె తీయడం, లీకు పట్టడం, మాస్కు తగిలించుకోవడం చేతితో చేయించి పరీక్షపెట్టే శిక్షణ ఒకటి మొదలుపెట్టాలి. సర్టిఫికెట్ ఉన్నవారికి జీతం పెంచాలి. రాత్రి షిఫ్టులో ఇద్దరుండాలి. ఈ మూడూ సబ్సిడీ దరఖాస్తులోనే షరతులుగా రాస్తే, యంత్రంతో పాటు దాన్ని నడిపే చేయీ మెరుగవుతుంది.